కొలతకందని విద్య

లోకమునకు లెక్కలయందు మక్కువ మెండు. పరీక్షలో వచ్చిన మార్కులెన్ని, పోటీలో దక్కిన స్థానమెంత అని అడుగుటయే వాడుక. లెక్కలు నిష్ప్రయోజనములు కావు. కాని విద్య విలువ యంతయు వానియందు ఇముడదు. రుమేనియా దేశపు పియానో విద్వాంసుడు దీనూ లిపాటీ జీవితమే ఇందుకు నిదర్శనము.

లిపాటీ 1917వ సంవత్సరమున బుకారెస్టు నగరమున జన్మించెను. తండ్రి వయొలిన్, తల్లి పియానో వాయించెడివారు. ప్రసిద్ధ సంగీతకర్త జార్జి ఎనెస్కు ఆ బిడ్డకు జ్ఞానపిత. ఇట్టి యింట పుట్టుట భాగ్యమే. అయినను ఆ భాగ్యమును నమ్ముకొని అతడు సాధనను విడువలేదు.

1933లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ పోటీలో అతనికి ద్వితీయ స్థానము లభించెను. న్యాయనిర్ణేతలలో నొకడైన ఆల్ఫ్రెడ్ కోర్టో ఆ తీర్పునకు సమ్మతింపక తన పదవిని త్యజించెను. లిపాటీ తీర్పును నిందించుచు కాలము గడపలేదు. పారిస్ చేరి ఆ కోర్టోకే శిష్యుడాయెను.

యుద్ధకాలమున, 1943లో, అతడు స్వదేశము వీడి జెనీవా చేరెను. అచ్చటి సంగీత విద్యాలయమున బోధకుడాయెను. హాడ్జ్‌కిన్ వ్యాధి యను ఒక విధమైన కాన్సర్ అతని బలమును హరింపసాగెను. ఆయువు కొంచెమైనను అతడు తొందరపడలేదు. బీతోవెన్ రచించిన ‘ఎంపరర్’ను సిద్ధపరచుటకు తనకు నాలుగేండ్లు కావలెనని చెప్పెనని ప్రసిద్ధి. అందుచేతనే అతడు మిగిల్చిన రికార్డులు కొద్ది. అయినను రసికులు నేటికిని వానిని ఆదరముతో వినుచున్నారు.

1950 సెప్టెంబరు 16న ఫ్రాన్సు దేశమందలి బెసాన్సన్ పట్టణమున అతని కడపటి కచేరీ జరిగెను. వైద్యులు వలదన్నను, ఇచ్చిన మాట తప్పుటకు అతని మనస్సు అంగీకరింపలేదు. చివర షోపాన్ రచించిన వాల్ట్జులు 14 వాయింపవలసియుండెను. 13 ముగియునప్పటికి శక్తి ఉడిగెను. పదునాలుగవ దానిని విడిచి, బాక్ రచించిన భక్తిగీత మొకటి వాయించి అతడు సెలవు గైకొనెను. ఆ డిసెంబరు 2న, 33 ఏండ్ల వయస్సున, జెనీవాలో మరణించెను.

రోగి యట్లు శ్రమపడుట తగదని కొందరనవచ్చును. ఆ మాట నిజమే. ఆరోగ్యమును లెక్కింపకుండుట ఎల్లరకు ఆదర్శము కాజాలదు. అతని ఘనత దేహమును బాధించుకొనుటలో లేదు. వాయించినంతవరకు నిర్మలముగా వాయించుటలో ఉన్నది. చేతగాని దానిని ఎట్లో ముగించి పూర్తియైనదనిపింపకుండుటలో ఉన్నది.

లెక్క ప్రకారము పోటీలో అతనికి ఒక స్థానము తక్కువ. కచేరీలో ఒక వాల్ట్జు తక్కువ. కాని ఆ వెలితి అతని విద్యకు వెలితి కాలేదు. కనుక విద్యార్థి తన స్థానమును చూచుకొనిన పిమ్మట, నేర్చినదానిని నిజముగా నేర్చితినా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్నకు సమాధానము ఏ పట్టికయందును దొరకదు.