మన పరిసరాలు – మన చరిత్ర: సంతకం పెట్టని జార్జ్ మేసన్

ఈ శీర్షికలో ప్రతి పండగకీ మనం ఉంటున్న ప్రాంతం గురించి ఒక విశేషం చెప్పుకుంటున్నాం. ఈసారి జార్జ్ మేసన్ గురించి. ఆ పేరు వినగానే మనకు గుర్తొచ్చేది ఫెయిర్‌ఫాక్స్‌లోని యూనివర్సిటీ. ఆ పేరుగల మనిషి ఎవరో తెలిసినవాళ్ళు మనలో తక్కువే.

మేసన్ 1725లో పుట్టారు. పదేళ్ళు నిండకుండానే తండ్రి పొటోమాక్ నదిలో పడవ ప్రమాదంలో పోయారు. కాలేజీ చదువు లేదు, లా పట్టా లేదు. మేనత్త భర్త జాన్ మెర్సర్ గారింట్లోని పుస్తకాలే ఆయనకు బడి. ఆయన కట్టించుకున్న గన్‌స్టన్ హాల్ మన ఆష్‌బర్న్ నుంచి కారులో సుమారు గంట ప్రయాణం.

1776 జూన్ 12న వర్జీనియా ఆమోదించిన హక్కుల ప్రకటనకు మూల రచయిత ఈయనే. మనుషులంతా స్వభావసిద్ధంగా సమానమైన స్వేచ్ఛ గలవారని అందులో రాశారు. కొద్ది వారాలకే జెఫర్సన్ రాసిన స్వాతంత్ర్య ప్రకటనలో ఆ భావమే వినిపిస్తుంది.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. మత విషయంలో మేసన్ చిత్తుప్రతిలో వాడిన మాట 'సహనం'. అప్పటికి పాతికేళ్ళ జేమ్స్ మాడిసన్ దాన్ని మార్పించి, మతాచరణ అందరికీ సమానంగా చెందిన హక్కు అని రాయించారు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. సహనం అంటే ఒకరు దయతలచి ఇచ్చేది. వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. హక్కు అలాంటిది కాదు. ఈ దేశంలో మనం గుడి కట్టుకున్నా, దీపావళి జరుపుకున్నా ఎవరి దయవల్లనో కాదు. మన భారత రాజ్యాంగం 25వ అధికరణంలోనూ మతస్వేచ్ఛ హక్కుగానే ఉంది.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం తయారైనప్పుడు, చివరిదాకా ఉండి కూడా సంతకం పెట్టని ముగ్గురిలో మేసన్ ఒకరు. అందులో హక్కుల ప్రకటన లేదన్నది ఆయన మొదటి అభ్యంతరం. దానివల్ల వాషింగ్టన్‌తో పాత స్నేహం చెడింది. అయినా ఆ పట్టుదల వృథా పోలేదు. 1791 డిసెంబర్ 15న వర్జీనియా ఆమోదంతోనే మొదటి పది సవరణలు అమలులోకి వచ్చాయి.

ఇంతటి మనిషి బానిసలను ఉంచుకున్నారు. బానిస వ్యాపారాన్ని అదే సభలో తీవ్రంగా ఖండించి కూడా, తన దగ్గరున్నవారిని వీలునామాలోనైనా విడుదల చెయ్యలేదు. యూనివర్సిటీలో ఆయన విగ్రహం ఉన్నచోటే 2022లో ఆ బానిసల స్మారకం వెలిసింది. వారిలో పెన్నీ అనే పదేళ్ళ పిల్ల కూడా ఉంది.

"మరి ఆయన మంచివాడా, చెడ్డవాడా?" అని పిల్లలు అడుగుతారు. దాటవెయ్యకండి. వేదికల మీద సమానత్వం మాట్లాడి, ఇంటికొచ్చి పనిమనిషికి వేరే గ్లాసు పెట్టిన పెద్దలు మన ఊళ్ళలోనూ ఉన్నారు. ఆ సంగతీ పిల్లలకు చెబుదాం. రాసినవారి చేతులు శుభ్రంగా లేకపోయినా, ఆ మాటనే పట్టుకుని తర్వాతి తరాలు తమ హక్కు అడిగాయి.

వచ్చే వేసవిలో పిల్లలను ఒకసారి గన్‌స్టన్ హాల్‌కు తీసుకెళ్ళండి. సిటిజన్‌షిప్ వచ్చినా ఇంకా ఓటరుగా నమోదు చేసుకోనివారు ఈలోపు ఆ పని కూడా పూర్తి చెయ్యండి. సభ్యుల కుటుంబాలన్నిటికీ పండగ శుభాకాంక్షలు.