స్త్రీల ఆరోగ్యము: కీళ్లనొప్పులన్నియు నొక్కటి గావు



మార్కాపురము, గిద్దలూరు, కనిగిరి ప్రాంతములందు కీళ్లనొప్పుల మాట వినబడని యిల్లు అరుదు. "ఇది మా నీళ్ల గుణమమ్మా" యని కొందరును, "ఇంటెడు చాకిరి చేసిన నొప్పులు రావా" యని కొందరును సమాధానము చెప్పుకొని యూరకుందురు. నీళ్ల మాట వట్టిది కాదు. 1937వ సంవత్సరమున షార్టు, పండిట్, రాఘవాచారి యను పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలోని జనులను పరీక్షించి, త్రాగునీటియందలి ఫ్లోరైడువలన దంతములపై మచ్చలు కట్టుటయు, వెన్నెముక బిగిసిపోవుటయు కలుగుచున్నవని వెల్లడించిరి. నేటి ప్రకాశము జిల్లా 1970లో నేర్పడకమునుపు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు ఆ నెల్లూరు జిల్లాలోనివే.

అయినను ప్రతి నొప్పిని నీటిపైకి నెట్టుట ప్రమాదము. ఇంకొక జాతి వ్యాధులు గలవు. శరీరమున క్రిములను చంపుటకై ఒక రక్షణశక్తి యున్నది. కంచెయే చేను మేసినట్లు, ఆ శక్తియే తన శరీరమును పరశరీరమని భ్రమించి కొరుకనారంభించుటవలన నీ వ్యాధులు పుట్టును. రుమటాయిడ్ కీళ్లవాతము, లూపస్, స్క్లెరోడెర్మా, షోగ్రెన్ వ్యాధి యనునవి వీనిలో ముఖ్యములు. అవయవములను కలిపి పట్టియుంచు పొరలు, పోగులు దేహమంతట నుండును గావున వ్యాధి కీళ్లతో నాగక చర్మము, ఊపిరితిత్తులు, మూత్రపిండములవరకు పోవును. ఇవి మగవారికంటె ఆడువారికే హెచ్చు. లూపస్ రోగులలో పదిమందికి తొమ్మండుగురు స్త్రీలే. అందును బిడ్డలను కను వయస్సువారే పెక్కురు.

వీనిని గుర్తించుట యెట్లు? ఫ్లోరైడు నొప్పి ఏండ్లతరబడి మెల్లమెల్లగా ముదిరి, నడుమును మెడను బిగించును. కీళ్లవాతమునందు చేతివ్రేళ్ల చిన్న కణుపులు, మణికట్లు రెండు ప్రక్కలను వాచును. ఉదయము లేచినపిదప గంటసేపైనను పిడికిలి ముడువరాదు. పనిపాటలలో పడిన కొలది కొంత సడలును. బుగ్గలపై ఎఱ్ఱని దద్దు లేచి యెండకు హెచ్చుట, నోటిలో పుండ్లు, విడువని జ్వరము, జుట్టు రాలుట లూపస్ లక్షణములు. చన్నీళ్లు తగిలినంతనే వ్రేళ్లు తెల్లబడి పిదప నీలవర్ణమగుటయు, చర్మము బిగిసి ఉంగరము రాకుండుటయు స్క్లెరోడెర్మాకు సూచనలు.

వీని ఉపద్రవములు నొప్పికంటె భయంకరములు. లూపస్ మూత్రపిండములను చప్పుడు చేయక చెఱచును. మూత్రము నురుగు కట్టినను, కాళ్లు, కనురెప్పలు ఉబ్బినను ఒక్క దినమైనను ఉపేక్షింపరాదు. మూత్రపరీక్షయు రక్తపుపోటు చూచుటయు ఏ చిన్న వైద్యశాలయందైనను జరుగును. మెట్లెక్కునప్పుడు ఆయాసము, ఎండుదగ్గు ఊపిరితిత్తుల గట్టిదనమునకు గుర్తులు. గర్భము మాటిమాటికి నిలువని స్త్రీలలో కొందరికి రక్తము గడ్డకట్టించు ప్రతిరక్షకములు కారణము. దీనికి చికిత్స కలదు. ఇది తెలియక కోడలిని గొడ్రాలని నిందించుట యెంత పాపము!

మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. పలకరాయిని పొడిగా కోసినను, రుద్దినను లేచు దుమ్ములో స్ఫటికధూళి యుండును. అది ఊపిరితిత్తులను పాడుచేయుటయే గాక ఈ వ్యాధులకును త్రోవ తీయును. 1914లోనే ఎడింబరో వైద్యుడు బ్రామ్‌వెల్ రాతిపనివారియందు స్క్లెరోడెర్మాను గమనించెను. 1957లో ఎరాస్మస్ దక్షిణాఫ్రికా బంగారు గనుల కూలీలయందును గనెను. దుమ్ము పీల్చినవారికందఱకు వ్యాధి రాదు. అయినను రాయిని తడిపి కోయుట, ముక్కునకు తగిన ముసుగు ధరించుట, దుమ్ముబట్టలను ఇంటిలో దులుపకుండుట మేలు. పొడిగుడ్డ కట్టుకొన్నమాత్రమున సన్నని ధూళి యాగదు.

ఇక చికిత్స. మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలయందు ఫోలిక్ ఆమ్లమునకును, దాని పనిని అడ్డగించు మందులకును మార్గదర్శులైరి. ఆయన 1948లో దివంగతులైరి. ఆ జాతి మందైన మెథోట్రెక్సేట్ నేడు కీళ్లవాతమునకు ప్రధానౌషధము. జ్ఞాపకముంచుకొనుడు: దీనిని కీళ్లవాతమునకు వారమున కొక్కమారే పుచ్చుకొనవలయును. పొరపాటున దినదినము మ్రింగినవారు ప్రాణములు గోల్పోయిరి. మాత్రపెట్టెపై వారము పేరు పెద్దయక్షరములతో వ్రాసికొనుడు. వైద్యుడు దీనితో వ్రాయు ఫోలిక్ ఆమ్లపు మాత్రను మానరాదు. గర్భిణులకు మెథోట్రెక్సేట్ నిషిద్ధము; బిడ్డను కోరువారు ముందుగానే వైద్యునితో చెప్పవలయును.

1948లో హెంచ్ కీళ్లవాతరోగికి కార్టిజోను ఇచ్చి అద్భుతమును చూచెను. 1950లో నోబెల్ బహుమానమును మఱి యిద్దఱితో పంచుకొనెను. ఆ జాతి స్టిరాయిడ్ మాత్రలు వైద్యుని చేతిలో ప్రాణరక్షకములే. అయితే పేరు తెలియని నొప్పిమాత్రలను అంగడిలో కొని నెలలతరబడి మ్రింగినచో ఎముకలు గుల్లబారును, చక్కెరవ్యాధి పొడసూపును. అలవాటైన స్టిరాయిడ్‌ను హఠాత్తుగా మానుటయు అపాయమే.

ఆరు వారములు మించిన వాపు గలచో దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు పోవుడు. హైదరాబాదు నిమ్స్ వంటి పెద్ద వైద్యశాలలయందు ఈ వ్యాధులకే ప్రత్యేక విభాగము లున్నవి. రక్తమున "ఏ.ఎన్.ఏ." కనబడినంతమాత్రమున వ్యాధి నిశ్చయము కాదు, ఆరోగ్యవంతులకును అది కొందఱియందుండును. లక్షణములతో కలిపి నిపుణుడే నిర్ణయింపవలయును.

ఇంటిల్లిపాది మందును వేళకందించు మనము, మన నొప్పిని మాత్రము పండుగ వెళ్లినపిదప, కోతలైన పిదప చూచుకొందమని వాయిదా వేయుదుము. మూత్రపిండములు పండుగ వెళ్లువరకు వేచియుండవు. అత్తలారా, ఉదయము పిడికిలి ముడువలేని కోడలిని సోమరి యనకుడు. వైద్యశాలకు తోడుగా పొండు.