సాదా పాఠము – లఘు చిహ్నములు : ప్రాచ్యవిద్యా గ్రంథములకు అనువైన లేఖన పద్ధతి

గ్రంథమును వ్రాయుట వేరు, గ్రంథమును అలంకరించుట వేరు. తాళపత్రముల కాలమున ఈ భేదమును ఎవరికిని చెప్పవలసిన పని లేకుండెను. గంటము పట్టిన లేఖకుడు ప్రకరణము ముగిసినదని తెలుపదలచినచో ఆ మాటనే వ్రాసెడివాడు. శ్లోకార్ధమునకు ఒక దండమును, శ్లోకాంతమునకు రెండు దండములను గీచెడివాడు. కంప్యూటరు వచ్చిన పిదప ఈ భేదము మరుగున పడినది. శీర్షికను శీర్షిక యని తెలుపుటకు మారుగా దాని అక్షరములను పెద్దవిగా చేయుటయు, సూత్రమును సూత్రమని తెలుపుటకు మారుగా దానిని ముదురు అక్షరములలో నిలుపుటయు ఆచారమైనది. చదువరి కంటికి అది తెలియును. కాని ఆ అలంకారము తొలగిన నాడు ఏది మూలమో, ఏది వ్యాఖ్యయో చెప్పు ఆధారము పాఠమున మిగులదు.

ఇది ఊహించి చెప్పు భయము కాదు. 1990వ దశకము మొదలుకొని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణములలోని డి.టి.పి. కేంద్రములందు స్థలపురాణములు, శతకములు, సంస్మరణ సంచికలు, పరిశోధన వ్యాసములు కూర్పబడుచు వచ్చినవి. యూనికోడు ప్రమాణము 1991లోనే తెలుగు లిపికి 128 స్థానముల విభాగమును కేటాయించినది. అయినను అది కూర్పుశాలల వాడుకలోనికి వచ్చుటకు చాల ఏండ్లు పట్టినది. అంతవరకు రోమను అక్షరములకు ఉద్దేశించిన స్థానములలో తెలుగు అక్షర ఖండములను నింపిన ఫాంట్లతోనే పని జరిగినది. నాటి ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగు కనబడదు. అర్థము లేని రోమను అక్షరముల గుంపు కనబడును. మార్పిడి సాధనములు ఇప్పుడు అక్షరములను చాలవరకు తిరిగి తెచ్చుచున్నవి. కాని అక్షరము తిరిగి వచ్చినను గ్రంథ విభాగము తిరిగి రాదు. మూలము, టీక, తాత్పర్యము, పాఠాంతరము అన్నియు ఒకే ప్రవాహముగా వచ్చి పడును. వానిని విడదీయుటకు తిరిగి ఒక పండితుడు కూర్చుండవలయును.

ఈ నష్టమునకు నివారణ క్లిష్టమైనది కాదు. సాదా పాఠమున, అనగా ఫాంటు, పరిమాణము, రంగు మొదలగు అలంకారములు లేని యూనికోడు పాఠమున, కొలది గుర్తులను అక్షరములతో పాటు టైపు చేయుటయే ఆ నివారణ. ఇట్టి పద్ధతులలో మిక్కిలి ప్రచారము పొందినది మార్క్‌డౌన్. దీనిని 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించెను. దీని రూపకల్పనలో ఏరన్ స్వార్ట్జ్ తోడ్పడెను. పంక్తికి ముందు ఒక హ్యాష్ గుర్తు నుంచినచో అది ప్రధాన శీర్షిక, రెండు గుర్తులుంచిన ఉపశీర్షిక. ఇట్లు 6 అంతరువుల వరకు పోవచ్చును. మాటకు ఇరువైపుల ఒక్కొక్క నక్షత్ర చిహ్నముంచిన వాలు అక్షరము, రెండేసి యుంచిన ముదురు అక్షరము. నడుమ ఖాళీ పంక్తి విడిచిన కొత్త పేరా. పంక్తికి ముందు కోణపు గుర్తుంచిన ఉదాహృత భాగము. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్రాయువారికి ఇట్టి గుర్తులు కొత్తవి కావు. అచట శీర్షికకు సమాన చిహ్నముల జంట వాడుదురు. చిహ్నము వేరైనను న్యాయమొక్కటియే.

సంస్కృత వ్యాకరణము చదివినవారికి ఈ న్యాయము మరింత పరిచితము. పాణిని శబ్దములకు చేర్చిన అనుబంధములు ఇట్టి గుర్తులే. అష్టాధ్యాయిలో 1.3.2 మొదలు 1.3.8 వరకు ఇత్సంజ్ఞ చెప్పబడి, 1.3.9లో ఇత్తునకు లోపము విధింపబడినది. ఘఞ్ ప్రత్యయమున నిలుచునది అకారము మాత్రమే; ఘకార ఞకారములు గుర్తులు. పచ్ ధాతువునకు ఘఞ్ చేరినపుడు ఞకారమును చూచి ఉపధయందలి అకారమునకు వృద్ధి (7.2.116), ఘకారమును చూచి చకారమునకు కుత్వము (7.3.52) కలిగి 'పాకః' అను రూపము సిద్ధించుచున్నది. గుర్తులు తమ కార్యమును నిర్వర్తించి తొలగినవి. సిద్ధరూపమున అవి కానరావు. సాదా పాఠమునందలి నక్షత్ర చిహ్నములును ముద్రిత పుటలో కానరావు. తాము విధించిన కార్యమును నిలిపి తాము లోపించును.

అయితే పాణిని గుర్తులన్నియు ఒకే విధముగా నిలువలేదు. ఈ విషయమే ఇచట ముఖ్యముగా గమనింపదగినది. అనుబంధములలో కొన్ని హల్లులు, కొన్ని అనునాసికములైన అచ్చులు. హల్లు వ్రాతలో ఒక అక్షరము. అందుచేత అది ప్రతిలిపి వెంట ప్రతిలిపిలో నిలిచి నేటి వరకు వచ్చినది. అనునాసికత్వము ఉచ్చారణ ధర్మము. లేఖకులు దానిని వ్రాయకపోవుటచే వ్రాతలో అది నశించినది. ప్రథమా ఏకవచనమైన 'సు' ప్రత్యయమున ఉకారము ఇత్తు, దానికి లోపము కలదు. సప్తమీ బహువచనమైన 'సుప్' ప్రత్యయమున ఉకారము ఇత్తు కాదు, అది నిలిచి 'రామేషు' అను రూపమున వినబడుచున్నది. వ్రాతలో రెండును ఒకే ఉకారము. ఏది గుర్తో, ఏది శబ్దమో ఆ అక్షరము చెప్పదు, గురువు చెప్పవలయును. పాణినీయులు అనునాసికత్వమును ప్రతిజ్ఞ చేతనే, అనగా సంప్రదాయ వచనము చేతనే, ఎరుగుదురని కాశికావృత్తి స్పష్టము చేయుచున్నది. అధికారమును తెలుపుటకు 1.3.11లో విధింపబడిన స్వరితమునకును ఇదే గతి పట్టినది. ఏ అధికారము ఎంతవరకు నడచునో నేడు వ్యాఖ్యానముల వలననే తెలిసికొనుచున్నారు.

ముదురు అక్షరము, పెద్ద అక్షరము అను నేటి అలంకారములు అనునాసికము వంటివి. హ్యాష్ గుర్తు, నక్షత్ర చిహ్నము హల్లు వంటివి. మొదటివి పాఠమునకు వెలుపల నుండి, పాఠము ఒక కంప్యూటరు నుండి వేరొకదానికి పోవునపుడు రాలిపోవును. రెండవవి పాఠములోనే ఉండి, పాఠమున్నంత కాలము ఉండును. 'సు'లోని ఉకారమునకు గురుపరంపర తోడుండెను కనుక నష్టము తీరినది. మూతపడిన కూర్పుశాలలో మిగిలిన ఒక పరిశోధన వ్యాసమునకు అట్టి పరంపర లేదు.

ఈ పద్ధతిని స్వీకరించువారు దాని దోషములను కూడ ఎరుగవలయును. మార్క్‌డౌన్ వచనమునకు పుట్టినది, పద్యమునకు కాదు. ధర్మపురి శేషప్ప కవి నృసింహశతకమునందలి సీసపద్యము నొకదానిని టైపు చేసి, పంక్తి పంక్తికి ఎంటరు మీట నొక్కినచో, ఫలితమున పంక్తులన్నియు కలిసి ఒక వచన ఖండమగును. సీసపాదములు, గీతము, మకుటము అను విభాగము చెడును. పంక్తి చివర రెండు ఖాళీలు విడిచినచో పంక్తి విరుగునని పాత నియమము. కాని ఖాళీ కంటికి కనబడదు. ఇది మరల అనునాసిక దోషమే. 2014లో వెలువడిన కామన్‌మార్క్ నిర్దేశము ప్రకారము పంక్తి చివర వెనుక వాలుగీత నుంచుట మేలు. పద్యమును అందముగా లోపలికి జరుపవలెనని పంక్తికి ముందు నాలుగు ఖాళీలు విడిచినచో వేరొక చిక్కు కలుగును. పద్ధతి దానిని కంప్యూటరు ఆదేశ భాగముగా గ్రహించి వేరు అక్షరములలో చూపును.

సూత్ర గ్రంథములకు మరింత ప్రమాదకరమైన దోషము వేరొకటి కలదు. పంక్తి మొదట సంఖ్య, దాని పక్కన చుక్క, పిదప ఖాళీ ఉన్నచో అది వరుస పట్టికగా గ్రహింపబడును. పట్టికలో మొదటి సంఖ్య తప్ప తక్కిన సంఖ్యలు లెక్కకు రావు. పరిశోధకుడు 1, 2, 4 అని ఎంచి వ్రాసిన సూత్రములు 1, 2, 3 అని అచ్చగును. పాఠము చెడినట్లు ఎవరికిని అనుమానము రాదు. శ్లోకసంఖ్యను చివర జంట దండముల నడుమ వ్రాయు పూర్వాచారమును పాటించినచో ఈ ప్రమాదము లేదు. అధ్యాయ పాద సూత్ర సంఖ్యలను మూడింటిని ఖాళీ లేక కలిపి వ్రాసినను లేదు.

శాసన పరిష్కర్తలకు నక్షత్ర చిహ్నమే చిక్కు తెచ్చును. కరీంనగరు జిల్లా గంగాధర మండలమున కుర్క్యాల సమీపమునందలి బొమ్మలగుట్టపై జినవల్లభుని 10వ శతాబ్ది శాసనము కలదు. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడును గల ఆ శాసనము తెలుగు కందపద్యముల చరిత్రకు ముఖ్యాధారము. ఇట్టి శాసనముల ముద్రణలో పరిష్కర్త పూరించిన అక్షరమును లేదా దండమును కుండలీకరణములో నక్షత్ర చిహ్నముతో చూపుట ఎపిగ్రాఫియా ఇండికా మొదలగువాని మర్యాద. ఆ పాఠమును ఉన్నదున్నట్లు మార్క్‌డౌన్‌లో నుంచినచో రెండు నక్షత్రములు జంటగా గ్రహింపబడి మాయమగును, నడిమి పాఠము వాలిపోవును. ఏది శిలపై నున్నదో, ఏది పూరణమో తెలియకపోవును. ప్రతి నక్షత్రమునకు ముందు వెనుక వాలుగీత నుంచిన అది చిహ్నముగా కాక అక్షరముగా నిలుచును. దండమునకు మారుగా కీబోర్డు పైనున్న నిలువుగీతను వాడుటయు తగదు. కొన్ని విస్తృత రూపములలో అది గడుల పట్టికకు గుర్తు. యూనికోడులో దండములు దేవనాగరి విభాగమున భారతీయ లిపులకు ఉమ్మడిగా ఉన్నవి. తెలుగు అవగ్రహము 2008లోను, వైదిక స్వర చిహ్నముల ప్రత్యేక విభాగము 2009లోను చేరినవి. కావున నిజమైన చిహ్నము లభించుచుండగా పోలిక గల చిహ్నమును వాడవలసిన అగత్యము లేదు.

ఈ పద్ధతి పండిత పరిష్కరణములకు చాలదను ఆక్షేపము కలదు. అది కొంతవరకు సత్యమే. పెక్కు ప్రతుల పాఠాంతరములను అంగాంగముగా చూపవలసినచోట 1987లో ఆరంభమైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ వారి విపుల పద్ధతి సమర్థమైనది. శీర్షికల క్రమము ఒకదానిలో ఒకటి ఇమిడిన విభాగములనే చూపగలదు. 3.1.91లో మొదలగు ధాత్వధికారము పాదము నడుమ పుట్టి తృతీయాధ్యాయాంతము వరకు నడచును. దీనిని పాద శీర్షికలతో పాటు చూపుట లఘు చిహ్నములకు సాధ్యము కాదు. కాని విపుల పద్ధతిలో గుర్తులు మూలము కంటె పెరిగి, చదువరికి మూలము కనబడని స్థితి కలుగును. దానిని నేర్చుటకు చాల కాలము పట్టును. ప్రాచ్య కళాశాల విద్యార్థి ఒక మధ్యాహ్నమున నేర్చి, మరునాడు తన చేతి ఫోనులోనే వ్రాయగలిగినది లఘు పద్ధతి. లఘు పాఠము నుండి విపుల పాఠమునకు పోవచ్చును. అలంకార మాత్రమైన ఫైలు నుండి దేనికిని పోజాలరు.

అందము చెడునను శంకకు సమాధానము సిరిసిల్ల నేతవారి వృత్తిలోనే దొరకును. జాకార్డు నేతలో పువ్వు నూలులో ఉండదు, రంధ్రములు గల అట్టలలో ఉండును. అట్టలు మార్చిన అదే పడుగు పేకలతో వేరొక అంచు వచ్చును. బర్క్‌లీ తత్త్వశాస్త్రాచార్యుడు జాన్ మాక్‌ఫార్లేన్ 2006లో వెలువరించిన పాన్‌డాక్ అను సాధనము ఒకే సాదా పాఠము నుండి ముద్రణకు ఒక రూపమును, ఫోనునకు వేరొక రూపమును తీయగలదు. మార్క్‌డౌన్ మూల నియమములలో లేని అధస్సూచికలను, పద్యపాదములను విడివిడిగా నిలుపు ఏర్పాటును అది చేర్చినది.

కావున ప్రాచ్య కళాశాలలు మూడు పనులు చేయదగును. ప్రతి పరిశోధన వ్యాసమును ముద్రిత ప్రతితో పాటు యూనికోడు సాదా పాఠముగా కూడ గ్రహింపవలయును. ప్రతి ఫైలు మొదట, అందు వాడిన గుర్తులు ఏవో, వాని అర్థమేమో తెలుగులో వ్రాయింపవలయును. ఇది ఆ ఫైలునకు పరిభాషా ప్రకరణము వంటిది. ధర్మపురి, వేములవాడ పరిసరములలో ఇంకను పాత ఫాంట్లలో మిగిలియున్న శతకములను, స్థలపురాణములను మార్పిడి చేయించి, కూర్పు చేసినవారు, వ్రాసినవారు అందుబాటులో నుండగనే మూలమేదో వ్యాఖ్య యేదో వారిని అడిగి గుర్తులు పెట్టింపవలయును. మొదటి రెండు పనులను ఏ సంవత్సరమునైనను ఆరంభింపవచ్చును. మూడవ పని చెప్పగలవారు ఉన్నంత వరకే సాధ్యము.