వెనుదిరిగి చూస్తే...

పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడనీ, మళ్లీ బయటికి రాలేదనీ పల్నాడులో చెబుతారు. గ్రీకు పురాణంలోనూ ఒకాయన అలాగే పాతాళానికి వెళ్లాడు. ఆయన వీరుడు కాదు, పాటగాడు. పేరు ఆర్ఫియస్. వెళ్లింది చనిపోయిన భార్య యూరిడిసి కోసం. మన సావిత్రి కథను తిరగేసినట్టుంటుంది!

ఈ కథను జర్మన్ స్వరకర్త గ్లుక్ ఒపేరాగా, అంటే సంగీత నాటకంగా మలిచాడు. 1762 అక్టోబరు 5న వియన్నాలో తొలిసారి ప్రదర్శించారు. అప్పటిదాకా ఒపేరా అంటే గాయకుల గొంతు విన్యాసాలే. కథ ఆగినా సరే, రాగం సాగాల్సిందే! గ్లుక్ ఆ ఆర్భాటాన్ని కత్తిరించాడు. పాట కథ వెంట నడవాలన్నాడు.

ఆర్ఫియస్ పాటకు పాతాళం కాపలాదారులే కరిగిపోయి దారిచ్చారు. అయితే ఒక షరతు. పైకి చేరేదాకా భార్యను చూడకూడదు. ఎందుకు చూడటంలేదో చెప్పనూకూడదు. పాపం, ఆమెకేం తెలుసు? ‘నామీద ప్రేమ లేదా?’ అని నిలదీసింది. తట్టుకోలేక వెనుదిరిగి చూశాడు. అంతే... ఆమె మళ్లీ ప్రాణం విడిచింది. అప్పుడతను పాడే శోకగీతం ఇప్పటికీ ప్రసిద్ధం. చిత్రమేమంటే, దానికి గ్లుక్ వాడింది మన శంకరాభరణాన్ని పోలిన స్వరాలు!

పురాణంలో కథ అక్కడితో విషాదాంతం. వియన్నాలో మాత్రం అది చక్రవర్తి పేరిట జరిగే వేడుక. కన్నీళ్లతో తెర దించితే ఏం బాగుంటుంది? అందుకే ప్రేమదేవత వచ్చి యూరిడిసిని బతికిస్తుంది. శుభం!

కారెంపూడిలో ఆ వెసులుబాటు లేదు. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు... రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరవిద్యావంతులు ఎన్ని తరాలుగా పాడుతున్నా మాంచాల సాగనంపిన బాలచంద్రుడు తిరిగిరాడు. ముగింపు మార్చమని అడిగేవారూ లేరు. ఎందుకంటే అక్కడ వినేవాళ్లు వట్టి ప్రేక్షకులు కారు. వీరుల ఆయుధాలుగా కొలిచే కొణతాలను మోసుకుంటూ ఊరూరి నుంచీ వచ్చిన ఆచారవంతులు. పోయినవాళ్లను బతికించమని కాదు, మరచిపోకూడదని వస్తారు.

వెనుదిరిగి చూడటం ఆర్ఫియస్‌కు శాపమైంది. కారెంపూడికి అదే ఆచారం.