గాజులకో న్యాయం, గిటార్‌కో న్యాయమా?

గాజులు కొనేటప్పుడు మనం సైజు చెప్పి ఊరుకోం కదా! చెయ్యి చాచి, వేయించుకుని, బిగుతుగా ఉంటే తీసేసి ఇంకో జత అడుగుతాం. మరి వేలకు వేలు పోసి, రోజూ వాయించాల్సిన గిటార్‌ని మాత్రం రంగు చూసి కొనేయడం ఏం న్యాయం?

పోయిన నెల, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి ఎలక్ట్రిక్ గిటార్ కొందామని సికింద్రాబాద్‌లోనే ఓ షాపుకి వెళ్ళాం. మేం నోరు విప్పకముందే షాపతను గులాబీ రంగుది తీసి ఇచ్చాడు. "అమ్మాయిలకి ఇదే బావుంటుంది మేడమ్" అన్నాడు. మావారు కంపెనీ పేరు చూశారు. నేను ధర చూశాను. వాయించాల్సిన పిల్లని మాత్రం ఎవరం అడగలేదు! అది పది నిమిషాలు వాయించి, మణికట్టు నొక్కుకుంటూ "నా చెయ్యే చిన్నదేమో అమ్మా" అంది.

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. చిన్నప్పుడు అమ్మమ్మ వీణ ముందు కూర్చుని నేనూ అదే అనుకున్నాను. రెండేళ్ళు నేర్చుకుని మానేశాను. తప్పు నా చేతిది కాదని చెప్పేవాళ్ళు లేకపోయారు.

నిజానికి గిటార్లన్నీ ఒక్క కొలతవి కావు. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో మోగే తీగ పొడవు 25.5 అంగుళాలు. గిబ్సన్ లెస్‌పాల్‌లో సుమారు 24.75. ఈ ముప్పావు అంగుళం తగ్గితే మెట్లు కాస్త దగ్గరవుతాయి, అవే తీగలు కాస్త మెత్తగా నొక్కుడు పడతాయి. అలాగని అదే మంచిదనీ కాదు. లెస్‌పాల్‌లు చాలామటుకు నాలుగు కిలోల దాకా తూగుతాయి. నిలబడి భుజాన వేసుకుంటే తెలుస్తుంది!

"శబ్దం ముఖ్యం కాదా?" అంటారేమో. ముఖ్యమే. కానీ ఎలక్ట్రిక్ గిటార్‌లో శబ్దాన్ని ఆంప్లిఫయర్‌తో, పికప్‌లతో తర్వాతైనా మార్చుకోవచ్చు. తీగలు ఎత్తుగా ఉంటే బాగుచేసేవాళ్ళు కిందికి దింపుతారు, సన్నవి వేస్తారు. గిటార్ బరువునీ, చేతిలో ఇమిడే నెక్ మందాన్నీ మాత్రం మార్చడం అంత తేలిక కాదు. అందుకే ముందు చేతిని అడగాలి.

మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఏం చేశారు? మామూలు మాండలిన్ మీద గమకాలకి తగినంతసేపు నాదం నిలవదని ఎలక్ట్రిక్‌ది పట్టారు. నాలుగు జంట తీగలకి బదులు ఐదు విడి తీగలు పెట్టుకున్నారు. సెయింట్ విన్సెంట్ అనే అమెరికన్ గాయని అయితే, ఆడవాళ్ళ ఒంటికి అనువుగా ఉండే తేలికైన గిటార్‌ని తానే రూపొందించింది. ఓ కంపెనీ దాన్ని 2016లో మార్కెట్లోకి తెచ్చింది. వాద్యం మనిషికి తగ్గట్టు మారింది గానీ, మనిషి కుంచించుకుపోలేదు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి మా అమ్మాయే ఒక్కోటీ తీసుకుని కూర్చుని వాయించింది, నిలబడి వాయించింది. నాలుగోది, మామూలు నల్లరంగుది, చేతిలోకి రాగానే మేమున్న సంగతే మర్చిపోయింది. అదే కొన్నాం.

పిల్లలకి ఏ వాద్యం కొన్నా, దాన్ని ముందు వాళ్ళ చేతికిచ్చి, ఓ పావుగంట మనం నోరు మూసుకుందాం. ఏమంటారు?