నాయిన గుండె, పెద్దకూర, ఒక డైట్ చార్టు

తిండి మీద రాస్తున్న వరుసలో ఇది నాలుగోది. మొన్నటి భాగం చదివి ఒక విద్యార్థి అడిగిండు: "సార్, కులం సంగతి పక్కన పెట్టండి. శాకాహారం గుండెకు మంచిదని సైన్సే చెప్తుంది కదా?" సరే తమ్ముడూ, సైన్సు దగ్గరికే పోదాం. పోయేముందు మా నాయిన ముచ్చట ఒకటి వినాలె.

రెండేండ్ల కింద నాయినకు స్టెంట్ వేసిండ్రు. డిశ్చార్జి రోజు డైటీషియన్ అడిగిన మొదటి ప్రశ్న, "నీసు తింటరా?" నేను తెలుగు చదువుకున్నోణ్ణి, ఆ మాటలో నీచం అనేదే నాకు ముందు వినపడ్తది. రెండో ప్రశ్న, "పెద్దకూరనా?" పక్క మంచాలోళ్లు తలలు తిప్పి చూసిండ్రు. నాయిన కిందికి చూసుకుంట "ఎప్పుడన్న" అన్నడు. అన్నం ఎంత తింటవు, తొక్కులో ఉప్పెంత, కూరలో నూనెంత, బీడీ మానినవా అని అడగలే. చేతిల పెట్టిన కాగితం మీద 'శుద్ధ శాకాహారం' అని రాసి ఉంది.

నాయిన మాట తప్పే మనిషి కాదు. మాంసం బంద్ పెట్టిండు. రెండు పూటల తెల్లన్నం, ఆవకాయ, అప్పడం, పొద్దున పూరి. బలం రావాలని అవ్వ మీదికెల్లి నెయ్యి పోసేది. ఆరు నెలలకు షుగర్ బయటపడ్డది. చార్టు మాత్రం ఒక్కరోజు తప్పలే.

ఇగ సైన్సు. 2017ల హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలో రెండు లక్షల మందికి పైగా ఆరోగ్య సిబ్బంది ఏండ్ల తరబడి ఏం తిన్నరో చూసి ఒక అధ్యయనం అచ్చేసిండ్రు. పొట్టు తీయని ధాన్యం, పప్పులు, కాయగూరలు, పండ్లు, గింజలు ఎక్కువ తిన్నోళ్లల్ల గుండెజబ్బు తక్కువ కనపడ్డది. పాలిష్ ధాన్యం, మిఠాయిలు, తీపి పానీయాలు ఎక్కువ తీసుకున్నోళ్లల్ల ఎక్కువ కనపడ్డది. రెండూ మొక్కల తిండే! లడ్డూ, మైదా పూరి 'శుద్ధ'మే, గుండెకు మాత్రం కాదు. నెయ్యి సంగతి ఇంకా తమాషా. అది పశువు నుంచి వచ్చే కొవ్వే, అందులో సగానికి పైగా సంతృప్త కొవ్వు, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను పెంచేది. దానికి ఏ ఆస్పత్రి మంచం దగ్గరా ఎవరూ తల దించుకోరు.

మనోళ్లకూ ఒక మాట. 2012 ఏప్రిల్‌ల ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు నేనూ ఆ వరుసలో నిలబడ్డ. నా పళ్లెంల ఏముండాలో నువ్వెవడివి చెప్పనీకి అన్నది ఆ కొట్లాట. కొవ్వు ముక్కలకు అది డాక్టర్ సర్టిఫికెట్ కాదు. ఎర్రమాంసం, అందులోనూ కొవ్వు, రోజూ తింటే నాళాలు పూడుకపోయే ముప్పు పెరుగుతది. ఆత్మగౌరవం పేరు చెప్తే ఎల్‌డీఎల్ తగ్గదు. ఈ మాట మనమే మనోళ్లకు చెప్పుకోకపోతే, చెప్పేటందుకు ఆ కాగితమోళ్లు ఉండనే ఉన్నరు.

అసలు ఈ మొక్కల తిండి ఎవరిది? మా నాయినమ్మ తిన్నది జొన్న గట్క, సజ్జరొట్టె, పుంటికూర, కలుపు తీయబోయి ఒడిల ఏరుకొచ్చిన గునుగు, దొగ్గలి, పొన్నగంటి. మాంసం పండుగకో, చావుకో. జహీరాబాద్ దిక్కు దళిత ఆడోళ్లు సంఘాలు కట్టి ఆ చిరుధాన్యాల విత్తనాలను ఇయ్యాళ్టికీ కాపాడుతున్నరు. 1983ల వచ్చిన రెండు రూపాయల బియ్యం మా ఇండ్లల్ల ఆకలి తీర్చింది, దాన్ని నేను తిట్టను. కానీ బియ్యం వచ్చింది, దాని ఎంబడి పప్పు రాలే, జొన్న పోయింది. ఉస్మానియా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల ఏం చెప్పింది? రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉందని కూడా అదే చెప్పింది. ఇప్పుడు ఆ జొన్నలే పాకెట్లల్లకు ఎక్కి, సూపర్ మార్కెట్ల మా ఊరోళ్లు కొనలేని ధరకు కూసున్నయి.

ఇప్పుడు నాయిన రాత్రికి జొన్నరొట్టె, పుంటికూర పప్పు తింటున్నడు. నెయ్యి లేదు, తొక్కు తగ్గింది. నెలకు ఒకటి రెండుసార్లు కొవ్వు తీసేసిన కూర. మొన్న చెకప్‌కు పోతే మళ్లీ అదే ప్రశ్న. "తింట మేడం. అన్నం ఎంత తింటనో గూడ రాసుకోండ్రి" అన్నడు. ఆమె రాసుకున్నది.

వచ్చే భాగం సంక్షేమ హాస్టళ్ల మెనూ మీద. మీ హాస్టల్‌ల మనిషికి పప్పు ఎన్ని గ్రాములు వేస్తున్నరో, ఏ నూనె వాడుతున్నరో, వారంల ఆకుకూర ఎన్నిసార్లో చూసి కామెంట్ల రాయండి. మెనూ బోర్డు మీదిది వద్దు, పళ్లెంలది రాయండి.

జై భీమ్.