సామాన్ల కాపలాకి ఎవరొస్తారు?

మా ఇంట్లో పాత ఆల్బమ్ ఒకటుంది. పాతికేళ్ల కిందట వేసవి సెలవుల్లో రావులపాలెం నుంచి బంధువులమంతా కలిసి హైదరాబాద్ దగ్గర ఓ పార్కుకి వెళ్లొచ్చాం. ఆ ఫొటోలన్నీ అందులో ఉన్నాయి. పిల్లలు, కోడళ్లు, అల్లుళ్లు, ఆఖరికి పులిహోర డబ్బాతో తోడొచ్చిన మామ్మగారు కూడా ఏదో ఒక ఫొటోలో కనిపిస్తారు. మా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య మాత్రం ఒక్కదాంట్లోనూ లేడు. పోలియో వల్ల చిన్నప్పటి నుంచీ చంకల కింద కర్రలతోనే నడక.

మొన్నామధ్య ఆల్బమ్ తిరగేస్తూ, "ఇదేంట్రా అన్నయ్యా, నువ్వు రాలేదా?" అన్నాను. నవ్వాడు. "రాకేం, వచ్చాను. చెట్టు కింద కూర్చుని పదకొండు బ్యాగులు, పద్నాలుగు జతల చెప్పులు చూశాను. చాలా బాగున్నాయి" అన్నాడు.

ఆ రోజు ఆయన్ని అక్కడ కూర్చోమన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. "నువ్వెలాగూ తిరగలేవు కదా, సామాన్లు చూస్తూ ఉండు" అన్న మాట ఎంత సహజంగా వచ్చిందంటే, అది అన్నట్టు కూడా నాకు గుర్తులేదు. మీ ఇళ్లలోనూ ఒకసారి ఆల్బమ్‌లు తీసి చూడండి.

సరే, ఇంతకీ సంగతేమిటంటే, ఈ శీతాకాలంలో మా ఊరి నుంచి ఓ పన్నెండు మందిమి మళ్లీ బయల్దేరుతున్నాం. అందులో ఆరుగురు వికలాంగులు. సర్కారు వారి భాషలో అయితే విభిన్న ప్రతిభావంతులు. (పేరు మూడుసార్లు మారింది, ఆఫీసుల ముందు మెట్లు మాత్రం మారలేదంటాడు అన్నయ్య.) అన్నయ్య, షుగరుతో ఒక కాలు పోయిన మా వీధి అత్తయ్యగారు, చూపు లేని ఓ డిగ్రీ కుర్రాడు, మాట వినికిడి రెండూ లేని భార్యాభర్తలు, ఆటిజం ఉన్న పన్నెండేళ్ల బాబు. మిగతా ఆరుగురం తోడు. లెక్కలన్నీ నా నెత్తిన పడ్డాయి. ఇలాంటి ప్రయాణం పెట్టుకోవాలనుకునే వాళ్లు మీలోనూ ఉంటారని, నేను తిన్న ఎదురుదెబ్బలు మీకు కాస్త ముందే చెబుతున్నాను.

మొదటి పొరపాటు మొదటిరోజే చేశాను. "వీళ్లకి ఏది వీలవుతుంది" అని కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. వీలు సంగతి తరవాత, ముందు ఏం కావాలో అడగమన్నాడు అన్నయ్య. అడిగితే తెలిసింది. చూపులేని కుర్రాడికి జెయింట్ వీల్ కాదు, గుండె గొంతులోకి వచ్చే రోలర్ కోస్టరే కావాలట. "నాకు ఎత్తు కనబడదు కాబట్టి భయం మీకంటే తక్కువండి" అంటాడు. అత్తయ్యగారికి సినిమా సెట్టింగులు చూడాలని కోరిక. మూగ దంపతులు ఫోన్లో టైపు చేసి చూపించారు: డాన్సులు, పొద్దుపోయేదాకా. బాబు సంగతి వాళ్లమ్మగారు చెప్పారు: నీళ్లంటే ప్రాణం, మైకు శబ్దమంటే చెవులు మూసుకుని కింద కూలబడిపోతాడు.

మన దగ్గర పార్కంటే రెండు పేర్లు వినిపిస్తాయి. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కన తెరిచిన వండర్‌లా. రెండూ ఒకటి కాదు. వండర్‌లా ఎక్కి తిరగడానికి, నీళ్లలో దూకడానికి. ఫిల్మ్ సిటీ ప్రధానంగా కూర్చుని చూడ్డానికి. రైడ్ల దగ్గర పట్టీ బిగించాక రెండు చేతులతో పట్టుకోగలగాలి, కాళ్లతో ఆనుకోగలగాలి, కృత్రిమ కాలు తీసెయ్యాలి లాంటి నిబంధనలు ఉంటాయి. అవి ప్రాణాలకి సంబంధించినవి, వాటితో వాదన వద్దు. కానీ ఏ రైడ్‌కి ఏ నిబంధనో టికెట్టు కొన్నాక గేటు దగ్గర తెలుసుకుంటే వెయ్యి రూపాయలు పైగా పోసి మళ్లీ చెట్టు కిందే కూర్చోవాలి. అందుకే ముందే ఈమెయిల్ రాసి అడగాలి, జవాబుని ప్రింటు తీసి జేబులో పెట్టుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట గేటు దాకా రాదు.

మా వాళ్లలో ఎక్కువ మంది ఫిల్మ్ సిటీకే ఓటేశారు. అది 1,600 ఎకరాలు పైబడిన జాగా, లోపల తిరగడమంతా వాళ్ల బస్సుల్లోనే. అంటే నడక తక్కువ, కానీ ఎక్కడం దిగడం ఎక్కువ. చక్రాల కుర్చీ లోపల దొరుకుతుందా, మడిచిన కుర్చీ బస్సులో పెట్టనిస్తారా, ఎక్కలేనివాళ్లని సొంత బండిలో పోనిస్తారా అని మూడు ప్రశ్నలు రాసి పంపాం. కుర్రాడు రోలర్ కోస్టర్ వదులుకున్నందుకు ముఖం ముడుచుకున్నాడు గానీ, నాకైతే ఆ చోటు అతనికే బాగా పనికొస్తుందనిపిస్తోంది. సెట్టింగుల్లో రాతి గోడలా కనిపించేదాన్ని చేత్తో తడితే బోలుగా మోగుతుంది. కళ్లున్న మనం మోసపోతాం, అతను మోసపోడు.

ఇక ప్రయాణం. రైలా, బండా అని మూడు వారాలు కొట్టుకున్నాం. రైలైతే రాజమండ్రి వెళ్లాలి. ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. చార్జీ లేదు నిజమే, ఒంటికాలితో ఎక్కాల్సిన అత్తయ్యగారికి ఆ మొదటి మెట్టే చార్జీ. రైల్లో రాయితీ మాత్రం గట్టిదే. తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వికలాంగులకి, అంధులకి, బుద్ధిమాంద్యం ఉన్నవారికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గుతుంది. వెంట వచ్చే ఒక తోడుకీ అంతే. మాట వినికిడి రెండూ లేనివారికి స్లీపర్‌లో 50 శాతం. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ తీసేసినా వీళ్లది ఉంచారు.

చిక్కు ఎక్కడంటే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రైల్వే రాయితీ మాత్రం నాలుగు రకాలకే. మా బాబు సర్టిఫికెట్‌లో ఆటిజం అని ఉంది. బుద్ధిమాంద్యం అని విడిగా రాసి లేకపోతే రాయితీ దక్కడం కష్టం. ఇంకోటి, సదరం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. రైల్వే వారి ఫొటో గుర్తింపు కార్డు ఉండాలి. మనకైతే విజయవాడ డివిజన్, ఇప్పుడు ఆన్‌లైన్లోనూ దరఖాస్తు పెట్టొచ్చు. ప్రయాణం అనుకున్న వారానికి కాదు, నెలల ముందే పెట్టండి. ఇక కోటా సంగతి. స్లీపర్ క్లాసులో వికలాంగుల కోటా కింద ఉండేవి నాలుగు బెర్తులు, రెండు కిందవి, రెండు మధ్యవి. తోడు వచ్చేవాళ్లు కూడా అందులోనే. పన్నెండు మంది ఒకే రైల్లో ఒకేచోట అంటే కుదిరే పని కాదు. పైగా స్లీపర్ పెట్టెలో నడవా దాటి చక్రాల కుర్చీ పోదు. వెడల్పు తలుపుల దివ్యాంగుల పెట్టె ఉంటుంది గానీ అది రిజర్వేషన్ లేనిది, రాత్రి ప్రయాణంలో అందులో చోటు దొరకడం మీ అదృష్టం.

అంచేత బండే ఖాయం చేశాం. ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద, హైదరాబాద్‌కి ఇవతలే ఉంది. మన వైపు నుంచి వెళ్లేవాళ్లు నగరంలోకి దిగనక్కర్లేదు, ట్రాఫిక్ తిప్పలూ లేవు. మా లెక్కలో మొత్తం ఖర్చులో సగం బండి అద్దే. అయినా ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. ఆగడం అనేదే మా ప్రయాణంలో అసలు ఖర్చు, అసలు సుఖం.

ఎందుకంటే, చెప్పడానికి మొహమాటమే గానీ చెప్పక తప్పదు, ఈ ప్రయాణాలన్నీ బాత్‌రూమ్ దగ్గర చెడతాయి. ఊరెళ్లాలంటే అన్నయ్య ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్లు తగ్గించేస్తాడు. ఇన్నేళ్లలో నాకు తెలియనే తెలియదు. అత్తయ్యగారూ అంతేనట. దారిలో దొడ్డికెళ్లే చోటు ఎలా ఉంటుందో, ఎవరు ఎత్తాల్సొస్తుందో అని. షుగరున్న మనిషి అలా నీళ్లు మానేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఎండాకాలమైతే మరీ ప్రమాదం. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు వేడెక్కిపోతుంది. మా గుంపులో అలాంటివాళ్లు లేరు గానీ మీలో ఉంటే మార్చి దాటాక ఈ ప్రయాణం పెట్టుకోకండి. మేం దారిలో ఎక్కడెక్కడ ఆగాలో హోటళ్లని బట్టి కాకుండా కమోడ్ ఉన్న పెట్రోలు బంకుల్ని బట్టి గీసుకున్నాం. లాడ్జీవాడు "అన్నీ ఉన్నాయండి" అంటాడు. బాత్‌రూమ్ తలుపు టేపు పెట్టి కొలిచి వాట్సాప్‌లో ఫొటో పంపమనండి. తలుపు రెండడుగులుంటే మామూలు చక్రాల కుర్చీ లోపలికి పోదు. ర్యాంపు ఉందన్నా నమ్మకండి. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల వాలు కావాలి. చాలాచోట్ల ఉండేది ర్యాంపు కాదు, జారుడుబల్ల.

పెద్ద ప్రయాణానికి ముందు ఓ చిన్న ప్రయాణం పెట్టుకోమని గట్టిగా చెబుతాను. మేం ఓ పూట జొన్నాడ వంతెన దాటి కడియపులంక నర్సరీలకి వెళ్లొచ్చాం. పన్నెండు మందిమి బండెక్కడానికే నలభై నిమిషాలు పట్టింది. బాబు ముందు సీట్లోనే కుదురుగా ఉంటాడని, మూగ దంపతులకి చీకట్లో సైగలు కనిపించవు కాబట్టి బండిలో లైటు వేసి ఉంచాలని, ఇలాంటివన్నీ అక్కడే తెలిశాయి.

ఎత్తడం సంగతీ అక్కడే బయటపడింది. మా ఊళ్లో అరటి మార్కెట్ ఉంది కదా. గెల కమిలితే ధర పడిపోతుందని, లారీకెక్కించేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టకూడదో చూసి మరీ ఎత్తుతారు. అదే మనిషిని ఎత్తాల్సొచ్చేసరికి డ్రైవరు కుర్రాడు వెనక నుంచి వచ్చి అన్నయ్య చంకల్లో చేతులు పెట్టి లేపేశాడు. మంచి మనసుతోనే. అన్నయ్య భుజం వారం నొప్పి. "ఎక్కడ పట్టుకోవాలో అడుగు బాబూ, చెబుతాను" అన్నాడు తరవాత. ఇప్పుడు ఎవరిని ఎలా ఎత్తాలో, ఎవరిని అసలు ముట్టుకోకూడదో రాసి బండిలో అంటించాం. చూపులేని కుర్రాడిది ఆ రెండో జాబితా. చెయ్యి పట్టుకుని లాగొద్దు, మన మోచెయ్యి అందిస్తే అతనే పట్టుకుంటాడు.

ఇదంతా మనమే ఎందుకు చూసుకోవాలి, పార్కులవాళ్లు చూడొద్దా అంటారు మీరు. చూడాలి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అందరికీ అందుబాటు అనేది సలహా కాదు, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు ఉండాలని. ఆ కేసులో అధ్యయనం చేసి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంవారే. చెన్నై మెరీనా బీచ్‌లో 2022 నవంబరులో సముద్రం దాకా చక్రాల కుర్చీ పోయేట్టు చెక్కబాట వేశారు. పదిహేను రోజులు తిరక్కుండానే మాండూస్ తుపాను దాన్ని విరగ్గొట్టింది, మళ్లీ బాగుచేశారు. చిన్నప్పటి నుంచీ సముద్రం ఊళ్లోనే ఉండి అంతవరకూ కాళ్లు తడుపుకోనివాళ్లు ఆ రోజు వచ్చారట.

అమెరికాలో శాన్ ఆంటోనియో అనే ఊళ్లో గోర్డాన్ హార్ట్‌మన్ అనే బిల్డరు కథ ఇంకోటి. విహారయాత్రలో ఈతకొలను దగ్గర ఆయన కూతురు ఆడుకుందామని వెళితే తక్కిన పిల్లలు పక్కకి జరిగిపోయారు. ఆ పిల్ల పేరు మీద 2010లో పాతిక ఎకరాల్లో మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అనే పార్కు కట్టాడు. వికలాంగులకి టికెట్టు లేదు. చక్రాల కుర్చీతో సహా ఎక్కే రంగులరాట్నం ఉంది. 2017లో నీళ్ల పార్కూ పెట్టారు. అక్కడ నీళ్లలో తిరగడానికి బ్యాటరీ బదులు గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలు ఇస్తారు. అదంతా మనకి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో గానీ, మా బాబు అప్పటికి పెద్దవాడైపోతాడు.

డబ్బు దగ్గర ఓ గొడవ జరిగింది. దాతల్ని అడుగుదామన్నాను నేను. మా ఊళ్లో ఇచ్చేవాళ్లున్నారు. అన్నయ్య ఒప్పుకోలేదు. "ఇస్తారు. బండికి ఫ్లెక్సీ కడతారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి జెండా ఊపుతారు. సరదాకి వెళుతున్నాం తమ్ముడూ, శిబిరానికి కాదు" అన్నాడు. 2024 జులై నుంచి పింఛను నెలకి 6 వేలైంది కదా, నెలకి ఐదువందల చొప్పున ఏడాదిగా పక్కన పెడుతున్నారట ఆరుగురూ. నాకు తెలియకుండానే చీటీలా నడుస్తోంది. తోడు వచ్చేవాళ్ల ఖర్చు తోడువాళ్లదే. అది మాత్రం నేను పట్టుబట్టి ఒప్పించాను.

సెలవులు లేని మంగళవారం ఖాయం చేసుకున్నాం. గేటు తెరిచేసరికి అక్కడుంటాం. బాబుకి చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోను, జేబులో వాళ్లమ్మ నంబరున్న కార్డు. అత్తయ్యగారి ఇన్సులిన్‌కి ఐసు ఫ్లాస్కు. మధ్యాహ్నం ఒక గంట అందరం ఎక్కడో నీడన పడుకోవడం. షోలు మూడు చాలు, ఐదు వద్దు. ఏదైనా మిగిలిపోతే మిగిలిపోనీ.

మొత్తం లెక్క నోటుపుస్తకంలో రాసి నిన్న సాయంత్రం అన్నయ్య చేతికిచ్చాను. బండి, డీజిలు, లాడ్జి, టికెట్లు, తిండి, డ్రైవరు బత్తా, అన్నీ ఒకటికి రెండుసార్లు కూడినవే. కళ్లజోడు పెట్టుకుని కింది దాకా చదివాడు. తరవాత పెన్ను అడిగి తీసుకుని, అన్నిటికంటే పైన, బండి అద్దెకన్నా ముందు, ఒక పద్దు తనే రాశాడు.

"బ్యాగులు పెట్టుకోడానికి లాకరు - ఎంతో కనుక్కో."